పాట లేని చోటు

ఫ్రిజ్ కూడా ఆపేశాడు మహానుభావుడు. పాలు విరిగిపోతాయేమోనండీ అంటే, విరగనీ అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో పాల విషయంలో ఆయన ఇంత ఉదారంగా మాట్లాడటం ఆమె వినలేదు. ఫ్యాను ఆగింది. గోడ గడియారం తువ్వాల్లో చుట్టించుకుని పక్కగదిలో మంచం మీద పసిబిడ్డలా పడుకుంది. కిటికీ సందుల్లో పాత దుప్పట్లు దూరాయి. పైవాటా ఆవిడకి ఫోన్ చేసి, ఒక్క గంటసేపు కుర్చీలు లాగకండమ్మా, మా అత్తగారు వస్తున్నారు అని చెప్పాడు. అత్తగారు పోయారని ఆవిడకి తెలుసు, పలకరించడానికి వచ్చిన మనిషే. అయినా మారుమాట లేకుండా సరేనంది. ఈయన సంగతి ఈ మెట్లు ఎక్కి దిగేవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు ఈ మిట్టమధ్యాహ్నం, చెమట మెడ మీంచి వీపులోకి దారి చూసుకుంటుంటే, ఆమె ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన కుర్చీ అంటే మాటలా? రెండు స్పీకర్లకీ సరిగ్గా నడిమధ్యన, నాలుగు కాళ్ల కిందా నేల మీద రంగు గుర్తులతో ఉంటుంది. చుట్టాలెవరైనా తెలియక అందులో కూలబడితే ఆయన మొహం కళ్లముందే బస్సు వెళ్లిపోయినవాడి మొహంలా అయ్యేది. ఇల్లు తుడిచేటప్పుడు ఆమె అప్పుడప్పుడు దాన్ని ఓ జానెడు పక్కకి జరిపేది, పనిగట్టుకునే. సాయంత్రం ఆయన అందులో కూర్చుని కాసేపు తల అటూ ఇటూ తిప్పి, ఇవాళ గాలిలో తేమ ఎక్కువుందోయ్, కింది స్వరాలు కాస్త వదులుగా వస్తున్నాయి అనేవాడు. అవునండీ, బట్టలు కూడా ఆరలేదు అనేది ఆమె.

"కళ్లు మూసుకో," అన్నాడు ఆయన, టేపు డెక్కు ముందు మోకాళ్ల మీద కూర్చుని. "కళ్లు తెరిచుంటే చెవులు సగమే పనిచేస్తాయి."

"నిద్రపోతే?"

"నువ్వా? ఇవాళా?"

మూసుకుంది. మీట నొక్కిన చప్పుడు, చక్రాలు కదిలిన చప్పుడు, ఆ తర్వాత బుస్సుమంటూ ఆ పాతకాలపు గాలి. కేసెట్ గాలి. ఖాళీ టేపు తిరుగుతుంటే వచ్చే ఈ బుసని పాడైపోయిన వస్తువు చేసే గోల అనుకునేది ఇదివరకు. ఇవాళ మాత్రం ఎవరో తలుపు తెరిచి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డట్టుంది. ఒక్కసారే ఆడుతుంది అని చెప్పాడు ముందే. టేపు మీది పూత పొట్టులా రాలిపోతోందట, మొదటిసారి తిరిగినప్పుడు ఎంత వస్తే అంతే, రెండోసారికి ఏం మిగులుతుందో తాను చెప్పలేడట, ముందుకీ వెనక్కీ తిప్పితే తెగిపోతుందట. అందుకని మొదటినుంచీ వినుకుంటూ, కాలేజీ రోజుల్లో తాను పాడిన పాట దాకా రావాలి. ఈ కేసెట్ తమ్ముడి ఇంట్లో అటక మీద బూట్ల పెట్టెలో దొరికింది. లోపల టేపుని ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోయి ఎక్కడో పడిపోయింది. ఆయన భోజనాల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, కంటికి భూతద్దం తగిలించుకుని, టేపు చుట్టని తీసి కొత్త డబ్బాలోకి మార్చాడు. ఆయన స్నేహితుడు పళ్ల డాక్టరు తన పట్టకారు తెచ్చిచ్చి పక్కనే నిలబడి, "వదినగారూ, పన్ను పీకడం నయం, కనీసం పేషెంటు అరిచి చెబుతాడు" అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వుతూనే వెళ్లి వంటింట్లో పంపు తిప్పుకుని నిలబడింది, నీళ్లతో పనేమీ లేకపోయినా.

బుసలోంచి తమ్ముడి గొంతు లేచింది. ఇంకా మీసం రాని గొంతు. వార్తలు చదువుతున్నాడు వెధవ, ముక్కు పట్టుకుని, రేడియోవాళ్లలా. ముఖ్యాంశాలు. ఈ ఉదయం నుంచి అక్క అద్దం ముందు నుంచి లేవలేదు. నాన్నగారి కళ్లజోడు నాన్నగారి నెత్తి మీదే దొరికింది. వాతావరణం: వంటింట్లో ఉరుములు, మెరుపులు. అమ్మ చేతికి దొరికితే జల్లులు పడే అవకాశముంది. కుర్చీలో ఆమె పెదవులు వాటంతటవే సాగాయి. ఆ ముందుగది కళ్లముందుకొచ్చింది. కాళ్లు ఊగే బల్ల, దాని ఊగుడు ఆపడానికి మడిచిపెట్టిన అట్టముక్క, బల్ల మీద నాన్న తెచ్చిన టేప్ రికార్డర్, దాని మీద అమ్మ కప్పిన కుట్టుపని గుడ్డ. గదికి అటువైపు వంటింటి తలుపు. తలుపంటే తలుపు కాదు, తలుపు ఉండాల్సిన చోటు. అక్కడినుంచే వచ్చేది అది.

అమ్మ పాడేది కాదు. పాడమంటే, నాకు పాటేమిటే నా మొహం అనేది. కానీ చేతులు పనిలో ఉన్నప్పుడు, గిన్నెలు తోముతున్నప్పుడో గింజలు ఏరుతున్నప్పుడో, పెదవులు కలిపే ఉండి, ముక్కులోంచో గుండెలోంచో తెలియకుండా ఒక కూనిరాగం బయల్దేరేది. దానికి మొదలుండేది కాదు. చాలాసేపటి నుంచి వింటున్నామని హఠాత్తుగా తెలిసేది, అంతే. చూస్తే ఆగిపోయేది. గుమ్మంలో నీడ పడితే చాలు, టక్కున ఆగి, ఏం కావాలే అనేది, దొంగతనం చేస్తూ దొరికినట్టు. అందుకని ఆమె చిన్నప్పుడు గోడకి ఇవతల, అమ్మకి కనపడకుండా, వీపు ఆనించి నిలబడి వినేది. చల్లటి గోడ. కాళ్లు నొప్పి పుట్టేదాకా. నాన్న ఒకసారి అటు పోతూ చూసి ఏమిటమ్మా అని అడగబోతే నోటి మీద వేలుంచుకుంది. నాన్న కూడా కాసేపు నిలబడ్డాడు. ఇద్దరూ గోడకి అతుక్కుని, పక్కవాళ్ల ఇంట్లో గొడవ వింటున్నవాళ్లలా. ఆ తర్వాత నాన్నకి దగ్గొచ్చి అంతా పాడుచేశాడు.

ఇప్పుడు ఫోన్‌లో అమ్మ గొంతుంది. లేకపోలేదు. బోలెడు వీడియోలు. అన్నిట్లోనూ ఒకటే మాట, ఆపు. నన్నెందుకు తీస్తావే, ఆపు. జుట్టు దువ్వుకోలేదు, ఆపు. ఆఖరి రోజుల్లో మంచం మీద కూడా చెయ్యి అడ్డంపెట్టి, ఆపు. మనిషి పోయి రెండో వానాకాలం వచ్చింది. ఆమె మధ్యాహ్నాలు గిన్నెలు సర్దుకుంటూ ఆ కూనిరాగాన్ని తన గొంతుతో పట్టుకుందామని చూస్తుంది. వచ్చినట్టే ఉంటుంది. పక్కకి జారిపోతుంది. మొన్నొకసారి దొరికిందనుకుని సంబరపడితే, తీరా అది సబ్బు ప్రకటన.

బుసలోకి నాన్న వచ్చాడు, ఇది తిరుగుతోందా అని అడిగి వెళ్లిపోయాడు. ఒక్క ముక్క. ఆమె ఊహించలేదు దాన్ని. డెక్కు దగ్గర ఆయన లేచిన అలికిడి అయింది, మళ్లీ సద్దుమణిగింది. కళ్లు తెరిచి ఆయన మొహం చూడాలనిపించింది, అలవాటు కొద్దీ. ఎందుకంటే ఏం వినాలన్నా ఆమె చూసేది ఆయన మొహమే. ఆ రహస్యం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు ఈ గదిలో చెవుల సంఘం కూడేది. ఆ పేరు ఆమె పెట్టిందే. పళ్ల డాక్టరు, లెక్కల మాస్టారు, ఈయన. పాటని కుదించిన చిన్న ఫైలు గొప్పా కుదించని పెద్ద ఫైలు గొప్పా అని వాదించుకునేవాళ్లు, ఆస్తి పంపకాల దగ్గర అన్నదమ్ముల్లా. తేడా ఉందంటే ఉందని, అదంతా డబ్బున్నవాళ్ల భ్రమ అని, నీ చెవులు కడుక్కో అని, నీ వైర్లు అమ్ముకో అని. ఒక ఆదివారం పరీక్ష పెట్టుకున్నారు. లెక్కల మాస్టారు అట్ట అడ్డంపెట్టుకుని ఒకే పాటని ఒకసారి చిన్న ఫైల్లోంచి, ఒకసారి పెద్ద ఫైల్లోంచి వేస్తాడు, ఏది ఏదో మిగతావాళ్లు చెప్పాలి. ఆమె టీ పళ్లెంతో రాగానే పళ్ల డాక్టరు, "వదినగారూ, మీరూ చెప్పండి, మాకు పరువు దక్కుతుంది" అన్నాడు. చెప్పింది. వేసిన ప్రతిసారీ సరిగ్గా చెప్పింది. పళ్లెం చేతిలో పట్టుకునే. డాక్టరు చాలాసార్లు తప్పాడు, ఈయన సగం తప్పాడు. వదినవి బంగారు చెవులు అని అందరూ లేచి నిలబడ్డారు. ఈయన వారం రోజులు ఆమెను కొత్తగా చూశాడు, చాటుగా. బంగారమూ లేదు, ఇత్తడీ లేదు. ఆమె విన్నదే లేదు. ఈయన ఎడమ కనుబొమ్మ చూసింది. చెవిలో నిజమైనదేదైనా పడితే అది దానంతటది కొద్దిగా లేస్తుంది, పిల్లి చెవి లేచినట్టు. పెళ్లయిన కొత్తలో ఆమె పాడి వినిపించినప్పుడే కనిపెట్టింది దాన్ని. పరీక్ష రోజున కూడా పెద్ద ఫైలు మోగిన ప్రతిసారీ అది లేచింది. ఆ తర్వాత ఈయన ఆలోచించి, గడ్డం గోక్కుని, మనసు మార్చుకుని తప్పు చెప్పాడు. నోరు తప్పింది గానీ కనుబొమ్మ ఒక్కసారీ తప్పలేదు. చెబితే జాగ్రత్తపడతాడు. అందుకే చెప్పలేదు. కాపురంలో ఏదో ఒకటి చేతిలో ఉంచుకోవాలి కదా.

ఆ వాదన గొడవలోనే ఒకసారి, ఆమె కూరగాయలు తరుగుతుంటే, ఈయన వచ్చి వంటింటి గట్టుకి ఆనుకుని పాఠం చెప్పాడు. "చెవి ఒట్టి అమాయకురాలోయ్. పెద్ద శబ్దం మోగుతుంటే దాని పక్కనున్న చిన్న శబ్దం దానికి తెలియదు. ఈ చిన్న ఫైళ్లు కనిపెట్టినవాళ్లు ఆ గుట్టు పట్టారు. ఎలాగూ వినపడనిది దాచడమెందుకని తీసి పారేస్తారు. బోలెడు చోటు మిగులుతుంది."

"వినపడనిది పోతే మీకెందుకండీ అంత బాధ?"

"వినపడకపోతే మాత్రం? ఉన్నదే కదా!"

అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం. ఏ ఇంట్లో చూసినా అదే లెక్క, దీనికి మళ్లీ ఇంజినీర్లెందుకు అనుకుంది. అనుకుని, తరిగినవన్నీ గిన్నెలో వేసింది. ఆ మాట ఇన్నాళ్ల తర్వాత ఇలా వెనక్కొచ్చి తన ఒళ్లోనే కూర్చుంటుందని ఎవరనుకున్నారు? అమ్మ పోయాక గుర్తొచ్చింది, కాలేజీ పోటీ కోసం తాను పాట సాధన చేస్తూ రికార్డు చేసుకున్న కేసెట్‌లో, పాట వెనకాల, వంటింట్లోంచి అమ్మ ఉంది. ఖాయంగా ఉంది. కాలేజీ రోజుల్లో ఆ కేసెట్ వేసినప్పుడల్లా వినపడేది, ఛ ఈ గొణుగుడొకటి అని విసుక్కునేది కూడా. ఫోన్‌లో ఆ పాట ఉంది కదా అని ఆత్రంగా తీసింది. తన గొంతు, అద్దంలా. వెనకాల ఏమీ లేదు. తుడిచిన పలకలా నల్లగా, నున్నగా.

తుడిచింది తమ్ముడే. వాడికి ఉద్యోగం వచ్చిన ఏడు, ఇంట్లో కేసెట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, అక్క పుట్టినరోజుకి కానుకగా ఇచ్చాడు. రొద తీసేసే ప్రోగ్రాం ఒకటి సంపాదించాడట. దానికి ముందు పాట లేని చోటు ఒకటి చూపించాలి, ఇదిగో ఇదీ రొద అని. అది ఆ ముక్కని రుచి చూసి, అలాంటిది ఎక్కడుంటే అక్కడ తుడిచేస్తుంది. ఆ తర్వాత ఫైలుని బాగా చిన్నది చేశాడు, ఫోన్‌లో పట్టాలని. అందరూ ముందుగదిలో కూర్చుని విన్నారు. అక్కా, నీ గొంతు గాజులా ఉంది చూడు అన్నాడు వాడు మురిసిపోతూ. అమ్మ కూడా వింది, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. వెనకాల ఏదో గొణుగుడు ఉండేదిరా, పోయింది, హాయిగా ఉంది అంది. ఆ గొణుగుడు ఎవరిదో తెలియకనా! తెలిసే అంది. అని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. అమ్మ వంటింట్లోనే ఉందిగా, మళ్లీ మొదలెడుతుందిగా.

మొన్న తమ్ముడికి ఫోన్ చేసి అడిగింది, పాట లేని చోటంటే ఎక్కడ చూపించావురా అని.

"మధ్యలో నువ్వు చరణం మర్చిపోయి ఆగుతావు చూడు, అక్కా. ఆ ఖాళీ."

"ఊఁ."

"ఇక్కడ ఎవరూ లేరు అని చూపించానే దానికి. నేనే చూపించాను."

"ఏడవకు. బూట్ల పెట్టెలు వెతుకు."

వెతికాడు. తెచ్చిచ్చాడు. ఇవాళ రమ్మంటే మాత్రం రానన్నాడు. అయ్యాక ఫోన్ చెయ్యి, ఉంటే ఉందని చెప్పు, లేకపోతే ఏదో ఒకటి చెప్పు అన్నాడు. ఇప్పుడు ఎక్కడో ఆఫీసు మెట్ల మీద ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటాడు, ముక్కు పట్టుకుని వార్తలు చదివిన వెధవ. వాడి జుట్టు కూడా నెరిసింది.

టేపులో ఎవరో మైకు మీద తట్టారు. తానే. గొంతు సవరించుకుంది. ఏమిటా గొంతు సవరింత, ఏదో మహాసభకి వచ్చినట్టు! కుర్చీ చేతుల మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. పాట మొదలైంది. ఆ పిల్ల గొంతు సన్నగా, ధీమాగా, పైకి వెళ్లినప్పుడు కాస్త తక్కువై. ఆ తక్కువ సంగతి పెళ్లయిన కొత్తలో ఈయనే చెప్పాడు, మొహం మీద. పై స్వరం వెంట్రుకవాసి కిందుగా పడుతోందోయ్ అని. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. శబ్దం విషయంలో ఈయన అబద్ధం ఆడలేడు, అదొక జబ్బు. పళ్ల డాక్టరు అప్పు చేసి కొన్న కొత్త వైరుకి, ఏమీ తేడా లేదండీ అని అందరిముందూ అన్న మనిషి. ఆ పిల్ల పాడుతోంది. ఆమె ఆ పిల్లని వినడం లేదు. నువ్వు కాస్త పక్కకి జరుగు తల్లీ, నీ వెనకాల చూడనీ. పాట కిందికి, బుస కిందికి, చెవుల్ని చేతుల్లా చాపుకుంటూ వెళ్లింది. ఏదో మూత పెట్టిన చప్పుడు. ఉంది, వంటిల్లు ఉంది! ఉంగరం గిన్నెకి తగిలి ఠింగుమంది. నీళ్లు పోసిన చప్పుడు. అన్నీ ఉన్నాయి, అమ్మ చుట్టూ ఉన్నవన్నీ ఉన్నాయి, అమ్మ ఒక్కతే లేదు. పెద్ద శబ్దం పక్కన. ఆగవే, మర్చిపోవే, త్వరగా మర్చిపోవే ఆ చరణం. ఇంత బాగా గుర్తుందేమిటే నీకు ఇవాళ!

మర్చిపోయింది.

ఆగింది ఆ పిల్ల. బుస. గది నిండా బుస, దుప్పట్లు కుక్కిన కిటికీల దాకా. ఆమె ఊపిరి ఆపుకుంది. చల్లటి గోడ వీపుకి తగిలింది. ముందు ఏమీ లేదు. ఏమీ లేదు. ఆ తర్వాత, చాలాసేపటి నుంచి వింటున్నానని హఠాత్తుగా తెలిసింది. అదిగో. పెదవులు కలిపే ఉన్నాయి. తాను అనుకున్నంత సన్నగా లేదు, కిందుగా, కాస్త బొంగురుగా, చేతిలో పనితో పాటు ఊగుతూ. ఇన్నాళ్లూ పట్టుకోబోయి జారవిడుచుకున్నది ఇదా, ఇంత దగ్గరగా ఉందా! ఊరికే తీసే రాగం కాదది. మర్చిపోయిన చరణానికి ఎత్తుగడ. ఒక్క ముక్క, దారి తప్పినవాళ్లకి లాంతరు ఎత్తి చూపినంత సేపు. ఆ పిల్ల వెంటనే అందుకుంది, అదే స్వరం మీద, తనంతట తనకే గుర్తొచ్చినట్టు గర్వంగా. పోటీలో బహుమతి తెచ్చుకుంది. ఎక్కడా మర్చిపోలేదమ్మా అని వచ్చి చెబితే, నీకు జ్ఞాపకం ఎక్కువే అంది అమ్మ, అటు తిరిగి.

పాట అయిపోయింది. ఇది ఎలా ఆపాలిరా అని ఆ పిల్ల తమ్ముణ్ణి అడిగింది. టక్కుమంది. తర్వాత ఉత్త బుస, తర్వాత చక్రాలు ఆగిన చప్పుడు, తర్వాత ఫ్రిజ్ లేని, గడియారం లేని, ఫ్యాను లేని ఇల్లు. కళ్లు మూసుకునే ఉంది ఆమె. కళ్ల చివరలనుంచి చెవుల వైపు తడి జారుతోంది. ఈ చెవుల్ని నమ్మొచ్చా? వంద ఆదివారాలు వినకుండా మొహాలు చూసిన చెవులివి. రెండేళ్లుగా ఈ ఒక్కదాని కోసం మొహం వాచిపోయిన చెవులు. ఆకలితో ఉన్నదానికి ఎక్కడైనా అన్నం వాసన వేయదా?

"విన్నారా?" అంది.

మామూలుగా అయితే ఈపాటికి ఒక పాఠం అయిపోయి రెండోది మొదలయ్యేది.

"మధ్యలో. నేను ఆగిన చోట. విన్నారా మీరు?"

ఆయన దగ్గరకొచ్చాడు. మోకాలు కటుక్కుమన్న చప్పుడు, కుర్చీ పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఆయన చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతి మీద పడింది.

"ఆఁ," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "విన్నానోయ్. ఉన్నారు. బాగా ఉన్నారు."

శబ్దం విషయంలో అబద్ధమాడని మనిషి. ఆ మొహం జానెడు దూరంలో ఉంది. కళ్లు తెరిస్తే చాలు, ఎడమ కనుబొమ్మ చెప్పేస్తుంది, లేచిందో లేదో, ఒక్క క్షణం పని. అది ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు. రెప్పలు బరువుగా కదిలాయి. లోపల ఇంకా మోగుతోంది అది, ఆ ఎత్తుగడ, చేతిలో పనితో పాటు ఊగుతూ, గుమ్మానికి అటువైపు. నీడ పడితే ఆగిపోతుంది.

"తమ్ముడికి ఫోన్ చెయ్యండి," అంది ఆమె, గోడకి వీపు ఇంకాస్త ఆనించి, కళ్లు తెరవకుండానే. "ఉందని చెప్పండి."